కాయ ఒకచోట, పీచు మరోచోట

గుమ్మం ముందు పరుచుకునే కొబ్బరి పీచు పట్టా కొంటే దాని మీద కేరళ పేరు ఉంటుంది. అది అబద్ధమేమీ కాదు. నేయడం, అంచులు కత్తిరించడం, రంగు అద్దడం అన్నీ అలప్పుళలోనో ఆ చుట్టుపక్కలో జరిగి ఉంటాయి. అందులోని పీచులో పెద్ద భాగం మాత్రం కేరళ చెట్లది కాదు. తమిళనాడులో పొల్లాచ్చి పరిసరాల మిల్లుల నుంచి మూటలు కట్టుకుని, పాలక్కాడ్ కనుమ దాటి లారీల్లో వచ్చిన పీచు అది. కొబ్బరి అనగానే ముందు గుర్తుకొచ్చే రాష్ట్రం, నూట యాభై ఏళ్లకు పైగా పీచు పరిశ్రమను నడిపిన రాష్ట్రం ఇవాళ ముడి పీచు కోసం పొరుగు రాష్ట్రం వైపు చూస్తోంది. పోనీ అక్కడ కొబ్బరి చెట్లు లేకుండా పోయాయా అంటే అదీ కాదు. ఏటా వందల కోట్ల కాయలు దిగుతూనే ఉన్నాయి. ప్రతి కాయకూ డొక్క ఉంటుంది, ప్రతి డొక్కలోనూ పీచు ఉంటుంది. అయినా కేరళలో పీచు తగ్గింది, తమిళనాడులో పెరిగింది. దీనికి ప్రభుత్వాల తప్పిదాల దగ్గర్నుంచి కార్మిక సంఘాల దాకా చాలామందిని బాధ్యులను చేస్తారు. ఈ ఆరోపణలన్నిటి వెనుకా ఉన్న అసలు కారణం ఇంకా మామూలుది: ఉప ఉత్పత్తి ఎంత వస్తుందన్నది కాయల లెక్కను బట్టి ఉండదు. ఆ కాయల్ని ఎక్కడ, ఎంత పెద్ద కుప్పగా ఒలుస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ మాట ఎంత నిజమో తెలియాలంటే డొక్క విలువ ఎంత తక్కువో ముందు చూడాలి. వెయ్యి డొక్కలు కొడితే వచ్చే పీచు దాదాపు 80 కిలోలు. దానికి రెట్టింపు బరువున పొట్టు రాలుతుంది. అంటే ఒక్కో డొక్కలో ఉన్నది గుప్పెడు పీచు, రెండు గుప్పెళ్ల పొట్టు. కాయకు ధర పడినా, పెరిగినా రైతు కాయ కోసమే చెట్టు పెంచుతాడు. డొక్క కోసం ఎవరూ కొబ్బరి మొక్క నాటరు. డొక్క తేలిక, కానీ చోటు బాగా ఆక్రమిస్తుంది. లారీ నిండినా బరువు తూగదు. పదేసి, ఇరవయ్యేసి చెట్లున్న పెరళ్లు తిరిగి డొక్కలు పోగుచేయాలంటే ఆ కూలి, ఆ కిరాయి పీచు విలువను మింగేస్తాయి. ఒకే కళ్లంలో రోజుకు వేల కాయలు ఒలిచే చోట మిల్లు పక్కనే పెట్టుకుంటే ఆ ఖర్చు దాదాపు ఉండదు. పీచు పరిశ్రమ చరిత్రలో మలుపులన్నీ ఈ లెక్క చుట్టూ తిరిగినవే.

కేరళకు ఒకప్పుడు ఈ లెక్క అనుకూలంగానే ఉండేది. మలబారు తీరంలో పీచు తాడు వాడకం చాలా పాతది. ఇనుప మేకులు లేకుండా చెక్క పలకల్ని ఈ తాళ్లతో కుట్టి కట్టిన పడవలు అరేబియా సముద్రంలో తిరిగేవి. 14వ శతాబ్దంలో ఈ దారిన వచ్చిన ఇబ్న్ బతూతా వాటి సంగతి రాశాడు. 18వ శతాబ్దం చివర తిరువాన్కూరు సంస్థానపు దివాను రాజా కేశవదాసు అలప్పుళలో ఓడరేవును, దాన్ని వెంబనాడ్ సరస్సుతో కలిపే కాలువల్ని అభివృద్ధి చేశాడు. 1859లో జేమ్స్ డారా అక్కడ తొలి కాయిర్ (కొబ్బరి పీచు) కర్మాగారం పెట్టాడు. ఐరోపా, అమెరికా ఇళ్లకు పట్టాలు, చాపలు అక్కడి నుంచి ఓడలెక్కాయి. కొబ్బరి తోటలు నీటి ఒడ్డునే ఉన్నాయి, డొక్క పడవల్లో కదిలేది. లోతట్టు పెరటి డొక్క కూడా కాలువ మీదుగా తక్కువ ఖర్చుతో ఒకచోటికి చేరేది. చెట్లు చెల్లాచెదురుగా ఉన్నా నీటిదారి వాటిని ఒక గొలుసుగా కట్టింది. కేరళ పీచుకు పేరు తెచ్చింది ఆ చెట్లే కాదు, ఆ ఉప్పునీటి కయ్యలు కూడా.

ఎందుకంటే కేరళ బంగారు రంగు పీచు తయారయ్యేది నీళ్లలోనే. పచ్చి డొక్కల్ని తాటి వలల్లో మూటలు కట్టి, ఆటుపోట్లు తగిలే కయ్యల్లో ముంచి, పైన బురద పెట్టి ఎనిమిది, పది నెలలు ఊరబెట్టేవారు. నీళ్లలోని సూక్ష్మజీవులు పీచును అంటిపెట్టుకున్న జిగురును మెల్లగా తినేసేవి. ఆ తర్వాత మూటలు పైకి తీసి, పై తొక్క ఒలిచి, మొద్దు మీద పెట్టి చెక్క సుత్తితో కొడితే పొట్టు రాలి మెత్తని, బంగారు రంగు పీచు మిగిలేది. దాన్ని రాట్నం మీద తాడుగా వడికేవారు. కొట్టేవారూ వడికేవారూ ఎక్కువగా ఆడవాళ్లే. మోకాళ్ల లోతు నల్లటి నీళ్లలో, కుళ్లిన గుడ్డు వాసన మధ్య గంటల తరబడి చేసే పని అది, కూలి మాత్రం అన్నిటికంటే తక్కువ. అంచుతెంగు, వైకోం, అష్టముడి అంటూ ఊరి పేరుతోనే తాటికి రకం ఏర్పడింది. కొనేవాడు ఆ పేరు చూసి నాణ్యత తెలుసుకునేవాడు. ఇంత మంచి పీచుకు మూల్యం కూడా ఉంది. డొక్కలు ఊరిన నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ పెరుగుతుంది, చేపలు తగ్గుతాయి. కడినంకుళం లాంటి కయ్యల మీద జరిగిన పరిశోధనలు ఈ నష్టాన్ని నమోదు చేశాయి.

20వ శతాబ్దం రెండో సగంలో ఆ గొలుసు ఒక్కొక్క కొక్కెమే ఊడింది. 1882 ప్రాంతంలో కోట్టయం వైపు మొదలైన వేరు ఎండు తెగులు దక్షిణ కేరళ జిల్లాలన్నిటికీ పాకింది. చెట్టును వెంటనే చంపదు, కాపును మాత్రం ఏళ్ల తరబడి తగ్గిస్తూ పోతుంది. పీచు పరిశ్రమకు ఆయువుపట్టయిన అలప్పుళ, కొల్లం జిల్లాలే ఆ తెగులు బారిన ఎక్కువగా పడ్డాయి. భూమి పంచుకుంటూ పోగా రాష్ట్రంలో సగటు కమతం అర ఎకరానికి కూడా తక్కువైంది. తోట కాస్తా ఇంటి స్థలం చుట్టూ నాలుగు చెట్లుగా మిగిలింది. కొబ్బరి ధర పడినప్పుడు చెట్టెక్కించే కూలి కూడా రాదు కాబట్టి, ఏడాదికి ఆరేడు సార్లు దింపాల్సిన కాయను రెండు మూడు సార్లతో సరిపెట్టారు. చెట్టెక్కేవాళ్లు దొరకడమే కష్టమైంది. చివరికి 2011లో కొబ్బరి అభివృద్ధి మండలి యంత్రంతో చెట్టెక్కడం నేర్పే శిక్షణ కార్యక్రమాన్నే మొదలుపెట్టాల్సి వచ్చింది. కాలువల్లో సరుకు పడవలు ఆగి లారీలు వచ్చాయి. లారీలో డొక్క తోలడం అంటే గాలిని తోలడమే. ఆ రకంగా కేరళలో కాయ ఉన్నా డొక్క చేతికందకుండా పోయింది. పెరట్లో పొయ్యిలోకి, చెట్ల మొదళ్లలోకి, చెత్తకుప్పలోకి పోయింది.

సరిగ్గా అదే కాలంలో కనుమలకు అవతల వేరే కథ నడిచింది. పొల్లాచ్చి చుట్టూ కొబ్బరి పెరటి పంట కాదు, తోట పంట. బావులు, బోర్లు, కాలువ నీళ్లతో ఎకరాల కొద్దీ వరసగా నాటిన తోటలు అవి. కాయలన్నీ ఒకచోట దించి, పెద్ద పెద్ద కళ్లాల్లో ఒలిచి, ఎండుకొబ్బరి చేస్తారు. ఒలిచిన డొక్క అక్కడే కొండలా పడి ఉంటుంది. కనుమల వానచాటున ఉన్న నేల కాబట్టి ఎండ ధారాళం. పీచును కళ్లంలో పరిచి ఆరబెట్టుకోవడానికి ఏడాదిలో ఎక్కువ నెలలు అడ్డు ఉండదు. అక్కడ డొక్కను నెలల తరబడి ఊరబెట్టరు. కొద్ది రోజులు తడిపి, నలగ్గొట్టి, తిరిగే డ్రమ్ములో వేస్తే గంటల్లో పీచు వేరవుతుంది. రంగు గోధుమ, నాణ్యత ముతక. పట్టాకు తగిన బంగారు తాడు దాంతో రాదు కానీ పరుపుకు, ముతక తాటికి భేషుగ్గా పనికొస్తుంది. రబ్బరు పాలు కలిపి గట్టిపరిచిన పీచు పరుపులు దేశంలో వ్యాపించాక ఈ గోధుమ పీచుకు గిరాకీ ఏర్పడింది. ఆ తర్వాత చైనా పరుపుల పరిశ్రమ కూడా దీన్ని కొనడం మొదలుపెట్టింది. ఇవాళ పీచు ఉత్పత్తిలో తమిళనాడు దేశంలో ముందుంది.

ఇక్కడ అందరూ లేవనెత్తే అభ్యంతరం ఒకటుంది. కేరళ తన పరిశ్రమను తానే చేజేతులా పోగొట్టుకుంది, కార్మిక సంఘాలు, యంత్రాల మీద నిషేధాలు లేకపోతే ఇంత జరిగేది కాదు అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అలప్పుళ కాయిర్ కార్మికులు 1922లోనే సంఘం పెట్టుకున్నారు. 1938లో పెద్ద సమ్మె చేశారు, 1946 అక్టోబరులో సంస్థాన పాలన మీద జరిగిన పున్నప్ర - వయలార్ పోరాటంలో ముందు నిలిచారు. 1970ల్లో పీచు కొట్టే యంత్రాలు వస్తే లక్షల మంది ఆడకూలీల పొట్ట కొట్టినట్లవుతుందని ప్రభుత్వం వాటిని అడ్డుకుంది. యంత్రాన్ని కొన్నేళ్లు ఆపడం వల్ల పొల్లాచ్చికి ముందడుగు దొరికిన మాటా వాస్తవమే. కానీ అదే అసలు కారణమైతే ఆంక్షలు తీసేశాక పీచు తిరిగి రావాలి. రాలేదు. ఆ తర్వాత కేరళ ప్రభుత్వం సహకార సంఘాలకు భారీ రాయితీతో పీచు యంత్రాలు ఇచ్చింది, వచ్చిన పీచును కొంటామని హామీ ఇచ్చింది, డొక్క సేకరణకు పథకాలు పెట్టింది. ఉత్పత్తి కొంత పెరిగినా పొల్లాచ్చి దరిదాపుల్లోకి రాలేదు. ఎక్కువ చోట్ల యంత్రం ఉంది, దానికి మేత లేదు. కారణం వెతకాల్సింది డొక్క దగ్గర అయితే మొదటి నుంచీ యంత్రం దగ్గరే వెతికారు. నేత మాత్రం కేరళ విడిచిపోలేదు. ఆ పనికి డొక్కల కుప్ప అక్కర్లేదు, చేయి తిరిగిన నేతగాళ్లు, పాత కొనుగోలుదార్లు కావాలి. ఆ రెండు వర్గాలూ అలప్పుళతోనే ఉన్నాయి. సంఘాలే కారణమైతే నేత కూడా వలస పోవాల్సింది.

రెండో అభ్యంతరం నైలాను, ప్లాస్టిక్కుల గురించి. ప్లాస్టిక్ తాడు, ప్లాస్టిక్ పట్టా వచ్చాక సహజ పీచుకు కాలం చెల్లిందనీ, అందుకే కేరళ దెబ్బతిందనీ అంటారు. ఓడ తాళ్ల విషయంలో ఇది నూటికి నూరుపాళ్లు నిజం. మొత్తం లెక్క మాత్రం దీనికి ఎదురు తిరుగుతుంది. కాయిర్ బోర్డు లెక్కల ప్రకారం 2019-20లో దేశం నుంచి 9,88,996 టన్నుల కాయిర్ సరుకు ఎగుమతై 2,757.90 కోట్ల రూపాయలు వచ్చాయి. మరుసటేడు, అదీ కరోనా ఏడాదిలో, 11,63,213 టన్నులు వెళ్లి 3,778.98 కోట్లు వచ్చాయి. కాలం చెల్లిన సరుకు ఇలా పెరగదు. అయితే ఈ అంకెల్ని చూసి పొంగిపోవడం కూడా తొందరపాటే. మొదటి ఏడాది మొత్తాన్ని టన్నులతో భాగిస్తే కిలోకు 28 రూపాయలు కూడా రాదు. ప్రసిద్ధి చెందిన పట్టా కిలో 28 రూపాయలకు అమ్ముడుపోవడం అసాధ్యం. అంత తక్కువ సగటుకు కారణం, ఆ మూటల్లో సగానికి మించిన బరువు పీచు కాదు, పొట్టు. విలువలో కూడా 2019-20లో 49 శాతం పొట్టుదే. మరుసటేడు అది సగం దాటింది. పరిశ్రమ పేరు మారలేదు, లోపలి సరుకు మారిపోయింది. దీర్ఘకాలపు ధోరణిని మొత్తం మీద గీసిన ఒకే గీతతో చూపించేవారు ఈ మార్పును కప్పేస్తున్నారు.

ఆ పొట్టు కథే ఇందులో విచిత్రమైనది. పీచు మిల్లులకు దశాబ్దాల పాటు అది తలనొప్పి. లిగ్నిన్ ఎక్కువ కాబట్టి త్వరగా కుళ్లదు. వర్షం పడితే అందులోంచి ఎర్రటి నీళ్లు కారి పక్క పొలాల్లోకి పోతాయి, ఎండాకాలం అంటుకుంటే రోజుల తరబడి రగులుతుంది. వదిలించుకోవడానికి శిలీంధ్రాలతో ఎరువు చేసే పద్ధతులు కాయిర్ బోర్డు, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేశాయి. అసలు మలుపు మాత్రం ఐరోపా గాజు గృహాల నుంచి వచ్చింది. అక్కడ టమాటా, స్ట్రాబెర్రీ, పూల మొక్కలు పెంచడానికి మట్టికి బదులు వాడే పీట్ అనే బురదనేల పదార్థాన్ని తవ్వితే వేల ఏళ్ల నాటి నేలలు నాశనమవుతాయని అభ్యంతరాలు పెరిగాయి. తన బరువుకు అనేక రెట్ల నీళ్లు పట్టుకుని, గాలి కూడా ఆడనిచ్చే కొబ్బరి పొట్టు దానికి బదులుగా దొరికింది. అయితే కళ్లంలోని పొట్టు నేరుగా పనికిరాదు. అందులో సోడియం, పొటాషియం ఉప్పు ఉంటుంది. సిమెంటు గచ్చు మీద పరిచి, మంచినీళ్లతో పదే పదే కడిగి, విద్యుత్ వాహకత కొలిచే మీటరు పెట్టి చూసి, కొందరు కొనుగోలుదార్ల కోసం కాల్షియం నైట్రేట్ నీళ్లలో నానబెట్టి, మళ్లీ ఎండబెట్టి, జల్లించి, యంత్రంతో ఒత్తితే అయిదు కిలోల ఇటుక తయారవుతుంది. నీళ్లలో వేస్తే అది కొద్ది నిమిషాల్లో ఉబ్బి ఓ గంపెడు పొట్టవుతుంది. మన ఇళ్ల డాబాల మీద కోకోపీట్ పేరుతో వాడేది ఇదే.

పీచు విషయంలో చెప్పిన సూత్రం పొట్టుకు మరింత గట్టిగా వర్తిస్తుంది. పొట్టు పీచు కంటే కూడా చవక, కాబట్టి దాన్ని దూరం తోలడం అసలే గిట్టదు. పీచు మిల్లు ఉన్న చోటే పొట్టు మిల్లు వెలిసింది. కేరళ పీచును పోగొట్టుకున్నప్పుడు దాంతోపాటు అప్పటికి ఎవరికీ తెలియని పొట్టు వ్యాపారాన్ని కూడా పోగొట్టుకుంది. పొల్లాచ్చి లాభం కూడా ఉచితంగా రాలేదు. ఉప్పు కడిగిన నీళ్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి. అవి భూమిలోకి ఇంకి బావులు ఉప్పెక్కుతున్నాయని చుట్టుపక్కల రైతులు గోల పెట్టడంతో, 2021లో తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి కాయిర్ యూనిట్లను కాలుష్యం లేని తెలుపు వర్గం నుంచి నారింజ వర్గానికి మార్చింది. ఈ పరిశ్రమ కేరళలో కయ్యల్ని పాడుచేసినట్టే పొల్లాచ్చిలో భూగర్భ జలాల్ని పాడుచేస్తోంది. కుప్ప ఎక్కడ పోగైతే పరిశ్రమ, కాలుష్యం రెండూ అక్కడే పోగవుతాయి.

ఇదంతా దక్షిణాది రెండు రాష్ట్రాల మధ్య గొడవ మాత్రమే అనుకోకుండా ప్రపంచ పటం చూసినా ఇదే కనిపిస్తుంది. కొబ్బరి కాయల్లో ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మనతో పోటీపడే దేశాలు. పీచులో మాత్రం ప్రపంచ ఉత్పత్తిలో చాలా పెద్ద భాగం భారత్, శ్రీలంకలదే. ఫిలిప్పీన్స్ దీవుల్లో రైతు కాయను తోటలోనే చీల్చి, ఆ డొక్కనే మంటపెట్టి కొబ్బరిని ఎండబెట్టుకుంటాడు. ఆ డొక్క విలువ అక్కడే పొగలో కలుస్తుంది. శ్రీలంకలో కురునేగల, పుత్తలం, కొలంబోల మధ్య పెద్ద ఎస్టేట్లున్నాయి, కాయల్ని కళ్లాల్లో ఒకచోట ఒలిచి మిల్లులకు పంపుతారు. ఎక్కువ కాయలున్న దేశం కాదు, ఎక్కువ డొక్కలు ఒకచోట చేరే దేశమే పీచులో నిలబడింది.

తెలుగు నేల మీద ఈ పాఠం నేరుగా తగిలేది కోనసీమకు. కొబ్బరి ఉత్పత్తిలో దేశంలో నాలుగో స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో కొబ్బరికి కేంద్రం గోదావరి పాయల మధ్యనున్న ఈ లంకలే. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు పేరు దేశమంతా తెలుసు. కాయిర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమహేంద్రవరంలో ఉంది. కోనసీమలో పీచు మిల్లులు, తాళ్ల యూనిట్లు నడుస్తున్నాయి. ఇక్కడి పరిస్థితి కేరళకూ పొల్లాచ్చికీ మధ్యలో ఉంది. కమతాలు చిన్నవి, చెట్లు ఇళ్ల చుట్టూ కూడా ఉన్నాయి, అది కేరళ లక్షణం. కానీ వ్యాపారులు రాశులుగా కొని, ఒలుపు కూలీలతో ఒకచోట ఒలిపించి ఉత్తరాది గుళ్లకూ బజార్లకూ లారీలెక్కిస్తారు, అది పొల్లాచ్చి లక్షణం. డొక్క పోగయ్యే రాశుల దగ్గర మిల్లు ఉంటే బతుకుతుంది. అది లేనిచోట ఎంత రాయితీ ఇచ్చినా యంత్రం తుప్పు పడుతుంది. గిరాకీ కూడా దూరాన లేదు. రాజమహేంద్రవరం పక్కనే కడియం నర్సరీలు మొక్కల సంచుల్లోకి కోకోపీట్ వాడుతున్నాయి. 2020లో గ్రామీణ సడక్ పథకం కింద కొబ్బరి పీచు వస్త్రం పరిచి రోడ్లు వేయడానికి కేంద్రం ఏడు రాష్ట్రాల్లో 1,674 కిలోమీటర్లు కేటాయిస్తే, అందులో ఆంధ్రప్రదేశ్‌కు 164, తెలంగాణకు 121 కిలోమీటర్లు వచ్చాయి. ఈ వస్త్రం మెత్తటి నేలను పట్టి ఉంచి కొన్నేళ్ల తర్వాత మట్టిలో కలిసిపోతుంది, ప్లాస్టిక్కులా మిగిలిపోదు.

విజయవాడ, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఇంకో కుప్ప కూడా రోజూ పోగవుతోంది. అది కొబ్బరి బోండాల డొక్క. లేత కాయది కాబట్టి పీచు తక్కువ, తడి ఎక్కువ. ఇప్పుడది మునిసిపాలిటీకి భారమైన చెత్త. చెరువుగట్లకూ, చెత్తబండ్లకూ పోతున్న ఈ బోండాల్లోంచి తాళ్లు వడకడం సాధ్యం కాకపోవచ్చు. ముక్కలు చేసి ఎండబెట్టి మొక్కల ఎరువుగా, నేల మీద పరిచే పొరగా వాడటం సాధ్యమే. అక్కడ డొక్క ఒకచోట చేర్చే ఖర్చును ఎలాగూ చెత్తబండి రూపంలో నగరమే భరిస్తోంది. కష్టమైన పని అప్పటికే అయిపోయింది. బోండాల బండ్ల దగ్గర ఆ డొక్కను మిగతా చెత్తలో కలవకుండా వేరుగా పెట్టించడం ఒక్కటే మిగిలింది.

అందుచేత ఏ రాష్ట్రంలోనైనా పీచు, పొట్టు ఉత్పత్తి ఇకముందు పెరుగుతుందా తగ్గుతుందా అని అంచనా వేసేవారు చెట్ల లెక్క పుస్తకం మూసేసి ఒలుపు కళ్లాల లెక్క తీయాలి. కోనసీమలో ఎన్ని రాశులున్నాయి, ఏ నెలల్లో ఎంత డొక్క పడుతుంది, దాన్ని ఎంత దూరం తోలితే గిట్టుబాటవుతుంది, పొట్టు కడిగిన నీళ్లు ఎటు పోతాయి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు ముందు కావాలి. యంత్రాలకు రాయితీ ఇచ్చే ముందు డొక్క కిరాయికి రాయితీ ఇస్తే ఫలితం ఎక్కువ ఉండొచ్చు. చిన్న రైతులు ఒకే రోజు కాయ దింపించుకుని ఊరికో కళ్లంలో ఒలిపించుకునేలా సహకార సంఘాలను ఒప్పించగలిగితే, ఇంకా మంచిది. కేరళకు చెట్లూ నైపుణ్యమూ ఉన్నాయి, చరిత్రా ఉంది. అయినా ఈ ఏర్పాటు చేతికి రాక పీచు దక్కలేదు. ఆ ఏర్పాటును సకాలంలో చేసుకుంటే కోనసీమకు పీచూ దక్కుతుంది, పొట్టూ దక్కుతుంది. చేసుకోకపోతే ఆ డొక్క కూడా పొయ్యిలోకీ చెత్తలోకీ పోతుంది.